కొరత క్రియది, నామవాచకానిది కాదు: నిర్మాణపత్రాల గుర్తుల పొరలు, వాటి తెలుగు వివరణ

వ్యాససంగ్రహం

భవననిర్మాణ ప్లానులపై పెట్టే గుర్తులను పొరలుగా భద్రపరచి, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి అందించే ఏపీఐ సాధనాలు నేడు నిర్మాణరంగంలో వాడుకలో ఉన్నాయి. వాటి వివరణపత్రాలను తెలుగులో రాయడానికి పదాలు చాలవన్న వాదాన్ని ఈ వ్యాసం ఖండిస్తుంది. నిజమైన లోపం క్రియాప్రయోగంలో ఉన్నదని, దాన్ని సరిదిద్దే శాస్త్రం తెలుగు శాఖల చేతిలోనే ఉన్నదని, ఆ బాధ్యతను అవి తప్పించుకుంటున్నాయని నిరూపించడం దీని ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం

తాడిపత్రి అనగానే రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి ఆలయాలు, రెండవది బండలు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల ఆదరణలో వెలసిన బుగ్గ రామలింగేశ్వర, చింతల వేంకటరమణ ఆలయాలు శిల్పానికి ప్రసిద్ధి పొందాయి. తాడిపత్రి గోపురాలను జేమ్స్ ఫెర్గూసన్ 1876లో వెలువరించిన తన వాస్తుచరిత్రలో ప్రత్యేకంగా ప్రస్తావించారు. పెన్నా ఒడ్డున రామలింగేశ్వరాలయ గోపురాలు నేటికీ అసంపూర్ణంగానే నిలిచి ఉన్నాయి. బండల సంగతి ఇంటింటా తెలిసినదే. వానను నమ్ముకోలేని అనంతపురం మెట్టసీమలో నాపరాతి గనులు, బండల కోత, పాలిష్ పని ఎన్నో కుటుంబాలకు బతుకుదెరువు.

రాతిపనికి ఒక కఠినమైన నియమం ఉంది. కోసిన బండ తిరిగి అతకదు. మెట్టు వెడల్పు అంగుళం పెరిగిందన్న వార్త కోత పూర్తయిన తరువాత చేరితే, పొట్టి అయిన బండను పొడుగు చేసే విద్య ఎవరికీ లేదు. వెనకటికి ఆ వార్త కాగితపు ప్లాను మీద ఎర్రసిరా గీతగా వచ్చేది. ఆ గీత ఎవరిదో మేస్త్రీకి చేతిరాతను బట్టి తెలిసేది. నేడు అది తెర మీద రంగుగీతగా, మేఘం ఆకారపు చుట్టుగా, ముద్రగా వస్తున్నది. ఒకే ప్లాను మీద వాస్తుశిల్పి గుర్తులు ఒక పొరలో, కరెంటుపని వారివి మరొక పొరలో, తనిఖీ అధికారివి వేరొక పొరలో ఉంటాయి. ఏ పొర ఎవరికి కనబడుతుందో, ఏది అమలులో ఉన్నదో, ఏది రద్దయినదో ఆ సాధనపు నియమాలు నిర్ణయిస్తాయి. ఆ నియమాలు వివరణపత్రంలో ఉంటాయి. ఆ పత్రం దాదాపుగా ఇంగ్లీషులోనే వెలువడుతున్నది.

దీన్ని ఇంజనీర్ల వ్యవహారంగా భావించి తెలుగు పరిశోధన ఇంతవరకు పక్కకు తొలగింది. ఆ తొలగడాన్ని సమర్థించే వాదాలలో ఒక్కటీ నిలవదు.

2. గుర్తు, పొర, మూలం

ఒక సాఫ్ట్‌వేర్ మరొకదాన్ని ఏమడగవచ్చో, ఏ రూపంలో అడగాలో, జవాబు ఎలా వస్తుందో నిర్ణయించే ఒడంబడికను ఏపీఐ అంటారు. ‘ఈ ప్లాను మీద అమలులో ఉన్న గుర్తులన్నీ ఇవ్వు’, ‘ప్రచురించిన పొరలు మాత్రమే చూపు’ వంటి అభ్యర్థనలు దాని ద్వారా నడుస్తాయి. ఆ ఒడంబడికను మనుషులకు అర్థమయ్యేలా చెప్పేది వివరణపత్రం.

ఈ వ్యవస్థకు ఆధారమైన భావన చాలా స్పష్టమైనది. 2008లో ఐఎస్ఓ 32000గా స్థిరపడిన పీడీఎఫ్ ప్రమాణం పుటలోని మూలాన్ని, దానిపై చేర్చిన గుర్తును వేర్వేరు వస్తువులుగా లెక్కిస్తుంది. గుర్తు పెట్టినవారి పేరు, సవరించిన తేదీ, వ్యాఖ్య, అది ఏ గుర్తుకు జవాబో తెలిపే సూచిక అందులో నమోదు చేసే వీలుంది. సమీక్షలో ఆ గుర్తు ఆమోదం పొందిందా, తిరస్కృతమైందా, రద్దయిందా, పని పూర్తయిందా అన్న స్థితిని కూడా రాయవచ్చు. బిల్డింగ్‌స్మార్ట్ సంస్థ నిర్వహించే బీసీఎఫ్ ప్రమాణం భవన నమూనాను కదిలించకుండా, దానిపై లేవనెత్తిన సమస్యను, వ్యాఖ్యను, చూసిన కోణాన్ని విడిగా పంపుతుంది. దానికి ఏపీఐ రూపం కూడా ఉంది. 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 ప్రమాణం నిర్మాణ సమాచారాన్ని పనిలో ఉన్నది, పంచుకున్నది, ప్రచురించినది, భాండాగారానికి చేరినది అని నాలుగు స్థితులుగా విభజిస్తుంది.

ఈ లక్షణాలలో తెలుగు పండితునికి కొత్త ఏది? మూలం వేరు, టీక వేరు, తాత్పర్యం వేరు. తాళపత్రప్రతి అంచున చేరిన అర్థాన్ని మూలంలోకి కలపడం లేఖకదోషం. శాసనపాఠాన్ని ప్రకటించే సంపాదకుడు సందేహాస్పదమైన అక్షరాన్ని, శిథిలమైన చోటును, తాను సవరించిన రూపాన్ని వేర్వేరు సంకేతాలతో చూపుతాడు. రాతిలో ఉన్నదేదో, పరిష్కర్త చేర్చినదేదో పాఠకుడు విడదీసి చూడగలగాలన్నదే ఆ సంకేతాల ప్రయోజనం. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను సేకరించి, పోల్చి, 1829లో అచ్చువేశారు. ఆయన ఎదుర్కొన్న చిక్కు ఇదే. ఏ పాఠం ఏ ప్రతిలోనిది, ఏది తరువాతి చేర్పు, ఏది స్వీకార్యం?

పోలిక ఇక్కడితో ఆగదు. ప్లాను కొత్త సంచిక వచ్చినప్పుడు పాత సంచికపై పెట్టిన గుర్తులు కొత్తదాని మీదికి వెళ్తాయా, పాతదాని మీదే నిలుస్తాయా అన్నది ఈ సాధనాలన్నిటిలో కీలకమైన ప్రశ్న. ఒక పాఠానికి రాసిన టీకను మరొక పాఠం కింద అచ్చువేస్తే ఏమి జరుగుతుందో కావ్యపరిష్కర్తకు తెలుసు. టీక తప్పు కాదు, పాఠమూ తప్పు కాదు, వాటి కలయిక తప్పు. మెట్లు ఒకచోటి నుంచి మరొకచోటికి జరిగిన ప్లాను మీద పాత కొలత గుర్తు అలాగే నిలిస్తే జరిగేదీ అదే. తేడా ఒక్కటే. టీక తప్పిన కావ్యానికి మలిముద్రణ ఉంటుంది, కోసిన బండకు ఉండదు.

3. పదాలు లేవన్న భ్రమ

తెలుగులో సాంకేతిక వివరణ అనగానే చర్చ పదాల దగ్గర మొదలై పదాల దగ్గరే ముగుస్తుంది. మార్కప్‌కు ఏమనాలి, లేయర్‌కు ఏమనాలి? ఒక వర్గం సంస్కృత సమాసాలను కల్పిస్తుంది, మరొక వర్గం ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాసి సంతృప్తి పడుతుంది. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. సాంకేతిక భాష అంటే నామవాచకాల పట్టిక అని ఇద్దరూ నమ్ముతున్నారు.

పట్టిక కావలసినవారికి అది ఏనాడో సిద్ధమైంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో 1962లో వెలువడింది. ఆ పరంపరలోనే బూదరాజు రాధాకృష్ణ గృహనిర్మాణ పదాల సంపుటాన్ని కూర్చారు. పునాది, పిట్టగోడ, సజ్జ, దూలం, మూలమట్టం, రసమట్టం వంటి మాటలతో పనివారి నోట బతికే భాష గౌరవించదగిన విద్యావిషయమని ఆ కోశాలు చాటాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదావళులను వెలువరించింది. పదాల విషయంలో తెలుగు పేదది కాదు.

పదనిర్ణయం అనవసరమని దీని అర్థం కాదు. నిర్మాణస్థలంలో మార్కింగ్ అంటే నేలమీద సున్నంతో ముగ్గు పోసి పునాది గీతలు చూపడం. ప్లాను మీద పెట్టే మార్కప్ వేరు. రెండిటినీ మార్కింగ్ అనే మాటతోనే వ్యవహరిస్తే, ‘మార్కింగ్ మారింది’ అన్న వాక్యం విన్న మేస్త్రీ నేలను చూడాలా, తెరను చూడాలా? అందుకే మొదటిది ముగ్గు, రెండవది గుర్తు అనడం మేలు. అలాగే పొర అన్న మాట గచ్చుకూ పూతకూ పనివారి వాడుకలో ఉన్నది కనుక, వివరణపత్రంలో ‘గుర్తుల పొర’ అని పూర్తిగా రాయడం క్షేమం. ఇలాంటి నిర్ణయాలు ఒక వారంలో ముగిసే పని. ఆ పని ముగిసిన తరువాత వాక్యం మొదలవుతుంది. అసలు కష్టం అక్కడ ఉంది.

4. వాక్యం ఎక్కడ విఫలమవుతున్నది

ఇంగ్లీషు నమూనాను అనుసరించి తెలుగులో తయారయ్యే సాంకేతిక వాక్యం ఈ తరహాలో ఉంటుంది: ‘మార్కప్ లేయర్ ప్రచురించబడిన తరువాత మార్పులు చేయబడవచ్చు.’ ఇందులో నామవాచకాలన్నీ అర్థమవుతాయి. వాక్యం మాత్రం ఏమీ చెప్పదు. మార్పులు ఎవరు చేస్తారు? చేయడానికి అనుమతి ఉన్నదా, లేక తెలియకుండా జరిగే ప్రమాదం ఉన్నదా? రెండు ప్రశ్నలకూ జవాబు లేదు.

మొదటి దోషం ‘బడు’ ధాతువుది. కర్మణిప్రయోగం తెలుగు వాక్యానికి సహజం కాదని వ్యాకర్తలు, భాషావేత్తలు చెప్తూనే ఉన్నారు. సృజనాత్మక రచనలో అది శైలీదోషంగా మిగులుతుంది. గుర్తుల పొరల వివరణలో అది వస్తుదోషమవుతుంది. ఎవరు పెట్టారు, ఎవరు తీశారు అన్నది నమోదు చేయడమే ఆ సాధనపు ప్రయోజనమైనప్పుడు, కర్తను మింగే క్రియతో దాన్ని వివరించడం తాళం కొని తలుపు తీసి ఉంచడమే.

నిజానికి ఈ విషయంలో తెలుగుకు ఒక ప్రత్యేకమైన అనుకూలత ఉంది. చెరుగు, చెరుపు, మారు, మార్చు, చేరు, చేర్చు, తొలగు, తొలగించు. ఈ అకర్మక, సకర్మక జతలు యంత్రం తనంత తాను చేసే చర్యను, మనిషి పూనుకొని చేసే చర్యను క్రియలోనే విడదీస్తాయి. ‘గడువు ముగిసిన గుర్తు తొలగుతుంది’ అంటే వ్యవస్థ చేసే పని. ‘గుర్తును తనిఖీ అధికారి తొలగిస్తారు’ అంటే మనిషి బాధ్యత. నష్టం జరిగినప్పుడు విచారణ ఈ తేడా మీదనే నడుస్తుంది. దీన్ని క్రియలోనే చెప్పగల భాష ‘తొలగించబడును’ అన్న ఒక్క రూపంలో రెండర్థాలనూ కుక్కి కూర్చున్నది.

రెండవ దోషం ‘వచ్చు’లో ఉంది. సాంకేతిక ప్రమాణాలలో ఏది విధి, ఏది సిఫారసు, ఏది ఐచ్ఛికం అన్నది నిర్దిష్టంగా తెలియాలని, ఆ అర్థాలిచ్చే ఇంగ్లీషు సహాయక్రియలకు కచ్చితమైన నిర్వచనాలిస్తూ 1997లో స్కాట్ బ్రాడ్‌నర్ ఆర్ఎఫ్‌సీ 2119 అనే పత్రాన్ని రాశారు. వాటిని పెద్దబడి అక్షరాలలో రాసి పాఠకుణ్ణి హెచ్చరించే ఆచారం వ్యాపించింది. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి భేదం లేదు. ఆ పని క్రియాంతమే చేయాలి. అయితే ‘గుర్తును మార్చవచ్చు’ అన్న రూపం అనుమతినీ తెలుపుతుంది, సంభావ్యతనూ తెలుపుతుంది. నిషేధంలో ‘మార్చరాదు’, ‘మార్చకపోవచ్చు’ అని రెండు దారులు విడిపోతాయి కాని, విధివాక్యంలో విడిపోవు. ‘ఆలి’ ప్రత్యయమూ ఇలాంటిదే. ‘పొరను ప్రచురించి ఉండాలి’ అన్న వాక్యం షరతు కావచ్చు, ఊహ కావచ్చు.

ఈ సందిగ్ధతకు పరిష్కారం కష్టమైనది కాదు. అనుమతికి మాత్రమే ‘వచ్చు’ వాడి, సంభావ్యతను ‘జరిగే అవకాశం ఉంది’ అని చెప్పాలి. విధికి ‘ఆలి’, నిషేధానికి ‘రాదు’, సిఫారసుకు ‘మేలు’ అని పత్రం మొదటి పుటలోనే నిర్వచించాలి. ఆ నిర్వచనాన్ని చివరి పుట దాకా పాటించాలి. అప్పుడు పై వాక్యం ఇలా మారుతుంది: ‘పొరను ప్రచురించిన తరువాత అందులోని గుర్తులను ఎవరూ మార్చరాదు. ప్రచురించినవారు ఆ పొరను ఉపసంహరించవచ్చు. ఉపసంహరించినా గుర్తులు చెరగవు, రద్దయినవిగా కనబడతాయి.’ ఇందులో కొత్తగా కల్పించిన పదం ఒక్కటీ లేదు. మేస్త్రీకి అర్థం కానిదీ, ప్రోగ్రామరుకు చాలనిదీ లేదు.

5. ఎదురువాదాలు

ఏపీఐ వివరణను చదివేది ప్రోగ్రామర్లు, వారికి ఇంగ్లీషు వస్తుంది, తెలుగు ఎందుకన్నది మొదటి వాదం. ఈ వాదం పత్రం ప్రయాణాన్ని సగంలోనే ఆపేస్తుంది. ప్రోగ్రామరు ఆ పత్రాన్ని చదివి తెరలు కడతాడు. తెర మీది బొత్తాం పేరు, హెచ్చరిక, దోషసందేశం, సహాయవాక్యం అన్నీ ఆ పఠనం నుంచే పుడతాయి. మూలవివరణలో ఉన్న సందిగ్ధత చివరికి ఫోన్ పట్టుకున్న మేస్త్రీ ముందు తేలుతుంది. ఏపీఐల వర్ణనకు విస్తృతంగా వాడే ఓపెన్‌ఏపీఐ ప్రమాణంలో యంత్రం చదివే పేర్లు వేరు, మనిషి చదివే వర్ణన వేరు. పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉండవచ్చు. వర్ణన ఏ భాషలోనైనా రాయవచ్చు. సాంకేతికంగా అడ్డంకి లేని చోట అడ్డంకిని ఊహించుకోవడం సోమరితనానికి సాకు.

యంత్రానువాదం ఈ పని చేస్తుందన్నది రెండవ వాదం. యంత్రం ఉన్న వచనం నుంచి నేర్చుకుంటుంది. ఉన్న తెలుగు సాంకేతిక వచనం ‘బడు’తోనూ, నిర్వచించని ‘వచ్చు’తోనూ నిండి ఉంటే అది ఆ దోషాలనే తిరిగి, మరింత వేగంగా, అప్పగిస్తుంది. మంచి మూలం రాసేవారు లేని భాషకు మంచి అనువాదయంత్రం ఆకాశం నుంచి ఊడిపడదు.

మూడవ వాదం తెలుగు శాఖల లోపలిది, అందుకే ఎక్కువ హానికరమైనది. సాహిత్యమే శాఖ ధర్మమని, పనిముట్ల వివరణ విద్యాగౌరవానికి తగదని అది అంటుంది. చేనేత పదాలనూ నాగలి భాగాల పేర్లనూ సేకరించిన భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషాశాస్త్రంలో అగ్రగణ్యులు. ఇల్లు కట్టే పనివారి మాటలను కోశంగా కూర్చిన బూదరాజు రాధాకృష్ణ తరువాత ఈనాడు పాత్రికేయ పాఠశాలకు ప్రధానాచార్యులై వార్తావచనాన్ని తీర్చిదిద్దారు. నేటి తెలుగు పత్రిక వాక్యం చిన్నదిగా, కర్త తెలిసేదిగా ఉందంటే అందులో పండితుల పాలు ఉంది. పత్రికాలయంలోకి అడుగుపెట్టడం పాండిత్యానికి తక్కువ కానప్పుడు, ప్లాను గుర్తుల వివరణ రాయడం ఎలా తక్కువవుతుంది?

ఆధారం లేనిది రాయకపోవడం, అపేక్షితం కానిది చెప్పకపోవడం వ్యాఖ్యాతగా మల్లినాథసూరి పెట్టుకున్న నియమంగా ప్రసిద్ధం. వివరణపత్రానికి ఇంతకంటె మంచి ప్రమాణాన్ని ఏ సాఫ్ట్‌వేర్ సంస్థా రాయలేదు. దాన్ని ఏటా తరగతిలో బోధిస్తూ, అది వర్తించే నేటి రచనను ముట్టుకోకపోవడం శాస్త్రనిష్ఠ కాదు, శాస్త్రాన్ని పెట్టెలో పెట్టడం.

6. చేయవలసినది

బీసీఎఫ్ ఏపీఐ వివరణ బహిరంగంగా చదవడానికి దొరికే పత్రం. దానికి తెలుగు వివరణ రాయడాన్ని ఎం.ఏ. స్థాయిలో ప్రాజెక్టుగా, ఆ రచనలో ఎదురయ్యే క్రియార్థభేదాలను పరిశోధనాంశంగా స్వీకరించవచ్చు. సివిల్ ఇంజనీరింగ్ శాఖతో కలిసి చేస్తేనే అది పూర్తవుతుంది. పద్యపరిష్కరణ నేర్చిన విద్యార్థికి మూలాన్నీ చేర్పునూ విడదీసే కన్ను ఇప్పటికే ఉంది. దాన్ని ప్లాను వైపు తిప్పడమే మిగిలింది.

ఆ రచనకు పరీక్ష సభామందిరంలో జరగకూడదు. రాసిన వాక్యాన్ని తాడిపత్రిలో బండలు కోసేవారికి, తాపీ మేస్త్రీకి చదివి వినిపించి, ‘ఇప్పుడు ఏం చేస్తావు?’ అని అడగాలి. ఇద్దరు రెండు పనులు చెప్తే వాక్యం తప్పు, వారు కాదు. అర్థమైందా అన్న ప్రశ్నకు మర్యాద కోసం అవుననే జవాబు వస్తుంది. చేతి పని మాత్రం అబద్ధం చెప్పదు.

7. ముగింపు

రాయలసీమ వాడుకలో చెప్పుడుమాటకు ‘అంట’ అనే చిన్న మాట ఉంది. శిష్టవ్యవహారంలో అది ‘అట’. ‘సజ్జ తీసేయమన్నారంట’ అన్న వాక్యంలో వార్త ఉంది, బాధ్యత లేదు. అన్నదెవరో, ఎప్పుడన్నారో, ఇంకా ఆ మాట మీద ఉన్నారో లేదో తెలియదు. కూలిన గోడల వెనుక, వృథా అయిన బండల వెనుక ఇలాంటి ‘అంట’లు ఉంటాయి. పేరు, తేదీ, స్థితి లేని గుర్తు ప్లాను మీద రాసిన ‘అంట’. గుర్తుల పొరల సాధనం పుట్టింది దాన్ని తొలగించి, ఫలానావారు ఫలానానాడు అన్నారని నిలబెట్టడానికి.

ఆ సాధనాన్ని వివరించే వచనమే కర్తను దాచి, అనుమతినీ ప్రమాదాన్నీ కలిపేస్తే ‘అంట’ మళ్ళీ తెర మీదికి వస్తుంది. ఆలయశాసనం సాధారణంగా దాతను, దేవుణ్ణి, ఇచ్చిన భూమిని చెప్తుంది. పనిలో ఏ మార్పు ఎవరు చెప్పారో, రాతిని చెక్కినవారు ఏ మాట విని చెక్కారో చెప్పదు. నేడు ఆ సమాచారం మొత్తం నమోదవుతున్నది. దాన్ని పనివారి భాషలో, తడబాటు లేని క్రియతో చెప్పడం తెలుగు శాఖలు చేయగల పని. అవి చేయకపోతే అరకొర తెలుగులో మరెవరో చేస్తారు. దాని ఖరీదును బండలు కోసేవారు చెల్లిస్తారు.